చైనీస్‌లో గడ్డం, మీసం: ఏ మాట ఎక్కడ వాడాలి

ప్రశ్న ఇది: నిఘంటువులో గడ్డానికీ మీసానికీ ఒకే మాట ‘హూజ’ కనిపిస్తోంది, ఇంకో పుస్తకంలో మూడు వేర్వేరు అక్షరాలున్నాయి. వీటిలో ఏది వాడాలి? ‘మీసం ఉంది, గడ్డం లేదు’ అని ఎలా చెప్పాలి?

రోజువారీ మాటల్లో ‘హూజ’ ఒక్కటే వాడండి. మీసమైనా, గడ్డమైనా, చెంపల మీది వెంట్రుకలైనా అదే మాట. తేడా చెప్పాల్సి వస్తే ముందు చోటు చెప్పాలి, లేదా ఆకారం చెప్పాలి. ఆ మూడు అక్షరాలూ చదవడానికి తెలిసి ఉంటే చాలు, నోటితో వాడితే పద్యం చదువుతున్నట్టు ఉంటుంది. ‘మీసం ఉంది, గడ్డం నున్నగా గీసి ఉంది’ అనాలంటే: థా యోవ్ శ్యావ్ హూజ, శ్యాబా గ్వా ద హన్ గాన్‌జింగ్.

ఉచ్చారణ గురించి ఒక మాట. ఇక్కడ పిన్యిన్ (చైనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి) వర్ణక్రమాన్ని దగ్గరగా అనుసరిస్తూ తెలుగులో రాస్తున్నాను, కుండలీకరణాల్లోని అంకెలు స్వరాలు, అంటే అక్షరాన్ని పలికేటప్పుడు గొంతు ఎత్తే, దించే తీరులు, 0 అంటే స్వరం లేని తేలిక అక్షరం. బ, ద, గ అని రాసినచోట గొంతు మోగకూడదు, అవి నిజానికి మన ప, త, క లకు దగ్గర. వాటికి జోడీ శబ్దాలైన ఫ, థ, ఖ లను ఊపిరి గట్టిగా వదిలి పలకాలి. ‘హూజ’ చివరి శబ్దం మన ‘చలి’లోని ౘ లాంటిది, దాని తర్వాత ‘ఇ’ పలకవద్దు. ఈ విషయంలో తెలుగువాళ్ళ పని సులువే, ఈ దంత్య ౘకారం మనకు పుట్టుకతోనే ఉంది.

హూజ (2-0) రెండక్షరాలు కలిసే ఉండాలి. ‘హూ’ని ఒంటరిగా విడదీసి ‘థా యోవ్ హూ’ అంటే ఎవరికీ అర్థం కాదు, ఒంటరి హూ ముందుగా ఇంటిపేరులా వినిపిస్తుంది. ఆకారం చెప్పే మాట ముందు చేరినప్పుడు మాత్రం చివరి ‘జ’ను వదిలేయవచ్చు: షాన్‌యాంగ్ హూ, బా జ హూ.

తెలుగులో ‘గడ్డం’ అంటే ముఖంలోని భాగమూ, దాని మీది వెంట్రుకలూ రెండూ. చైనీస్‌లో ఇవి కలవవు. ఎముకా చర్మమూ ఉన్న గడ్డం శ్యాబా (4-0). ‘గడ్డానికి దెబ్బ తగిలింది’ అని డాక్టరుకు చెప్పేటప్పుడు హూజ అంటే నవ్వుతారు. వైద్యవిద్య కోసం చైనా వెళ్ళే మన విద్యార్థులు రోగి ముఖాన్ని వర్ణించేటప్పుడు ఇక్కడే తడబడతారు. గడ్డం మీది వెంట్రుకలు శ్యాబా షాంగ్ ద హూజ, పై పెదవి మీదివి షాంగ్‌ఛున్ (4-2) షాంగ్ ద హూజ. చోటు ముందు, ‘ద’ మధ్యలో, హూజ చివర. కాస్త పొడుగనిపించినా సందేహానికి తావుండదు.

మీసానికి రోజువారీ ఏకపదం లేదు. చిన్న మీసమైతే శ్యావ్ హూజ (3-2-0). అంటే ‘చిన్న హూజ’, వినేవాడు మీసమనే అర్థం చేసుకుంటాడు. కొసలు రెండు పక్కలకూ వాలిన మీసం బా జ హూ (1-4-2). చైనీస్‌లో ఎనిమిది అంకెను రెండు వాలు గీతలతో రాస్తారు, మీసం ఆ ఆకారంలో ఉంటుంది. కొసలు పైకి తిరిగి ఉంటే షాంగ్‌ఛ్యావ్ (4-4) అని చేర్చాలి. ముక్కు కింద చిన్న చతురస్రంగా కత్తిరించినది యాషువా హూ (2-1-2), అంటే పళ్ళు తోముకునే బ్రష్ మీసం. దాదాపు ఇదే చోట రన్‌దాన్ హూ (2-1-2) అనే మాటా వినిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చైనా అంతటా ప్రకటనలు వేసిన ఒక జపాన్ మాత్రల కంపెనీ గుర్తులోని మనిషి మీసం మీంచి ఆ పేరు వచ్చింది. ఆ గుర్తులోని మీసం కొసలు పైకి తిరిగినవే అయినా, యుద్ధ సినిమాల పుణ్యమా అని జపాన్ సైనికుడి పొట్టి మీసానికీ ఈ మాటే అతుక్కుంది. ఎదురుగా ఉన్న మనిషి మీసాన్ని ఇలా పిలవకండి, తిట్టులా తగులుతుంది.

మీసం కొసలు ఎటు తిరగాలన్నది ఒకప్పుడు చైనాలో రాజకీయమే. 1924లో రచయిత లూ షున్ దీని మీద ఒక వ్యాసమే రాశాడు. కొసలు పైకి తిరిగితే జపాన్ పోకడ అన్నారు, కిందికి దించితే ఛాందసం అన్నారు. చివరికి కొసలు కత్తిరించి, చైనీస్ ఒకటి అంకె గీతలా అడ్డంగా ఉంచుకున్నాడు. ఆయన ఫోటోల్లో కనిపించే మీసం అదే, ఆ ఆకారాన్ని ఈ జ హూ (1-4-2) అంటారు.

గడ్డాల విషయానికొస్తే రెండు మాటలు చాలాచోట్ల పనికొస్తాయి. కింద మాత్రమే కుచ్చులా ఉంటే షాన్‌యాంగ్ హూ (1-2-2), మేక గడ్డం. ఇది మనకూ తెలిసిన పోలికే. చెవుల దగ్గర నుంచి చెంపలు, గడ్డం అంతా కలిసిపోయి ఉంటే లువొసాయ్ హూజ (4-1-2-0). ఇందులో ‘సాయ్’ అంటే చెంప. ఉత్తరాన దీన్నే ల్యెన్‌బిన్ హూజ (2-4-2-0) అని కూడా అంటారు, కణతలతో కలిసిన గడ్డమని అర్థం. చెవుల ముందు దిగే జుట్టు బిన్‌జ్యావ్ (4-3). దాన్ని చైనీస్‌లో తలజుట్టు కింద లెక్కిస్తారు, హూజ కింద కాదు. అందుకే గడ్డం తీయమని చెప్పినా మంగలి బిన్‌జ్యావ్ ముట్టుకోడు, దాని సంగతి విడిగా చెప్పాలి.

దా హూజ (4-2-0) అంటే పెద్ద గడ్డం. ఆ గడ్డం ఉన్న మనిషినీ అలాగే పిలుస్తారు. దీన్ని హూజ జోంగ్‌తో కలపవద్దు. ‘థా హూజ హన్ జోంగ్ (4)’ అంటే గడ్డం పెంచాడని కాదు, పొద్దున గీసినా సాయంత్రానికి నల్లగా కనిపించేంత ఒత్తుగా మొలుస్తుందని. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన కుర్రాళ్ళ గురించి చైనీస్ స్నేహితులు ఈ మాట అంటూనే ఉంటారు, అందులో నింద లేదు. రాతలో ఒత్తుగా అనడానికి నోంగ్‌మీ (2-4), పలచగా అనడానికి శీషూ (1-1). నెరిసి నలుపూ తెలుపూ కలిసి ఉంటే హ్వాబాయ్ (1-2). మనం ‘బూడిదరంగు’ అనుకునేచోట అక్షరాలా బూడిదరంగు మాట వాడితే రంగు వేసుకున్నట్టు ధ్వనిస్తుంది. పూర్తిగా తెల్లబడితే బాయ్ హూజ (2-2-0).

రెండు మూడు రోజులు గీయకపోతే మొలిచే గరుకు వెంట్రుకలు హూఛా (2-2). ‘ఛా’ అంటే కోత తర్వాత పొలంలో మిగిలే మోడు, మన కొయ్యకాలు. అక్షరంలో పైన గడ్డి గుర్తు ఉంటుంది. చాలామంది, ముఖ్యంగా తైవాన్‌లో, దీన్ని హూజా (2-1) అని పలికి, పిప్పి అనే అర్థమున్న వేరే అక్షరంతో రాస్తారు. ఇంటర్నెట్‌లో ఈ రెండోదే ఎక్కువగా కనిపించవచ్చు. పరీక్షలో, అచ్చులో మొదటిదే క్షేమం. మాసిన గడ్డంతో, ఒంటి మీద శ్రద్ధ లేకుండా ఉన్న మనిషిని హూజ లాఛా (2-0-1-1) అంటారు. ఇందులో మళ్ళీ ఇంకో ‘ఛా’ ఉంది, ఎడమవైపు రాయి గుర్తుతో, మొదటి స్వరంతో. ఈ రెండు ఛాలనూ తారుమారు చేయడం చైనీయులకూ మామూలే. ఇంకా గీయడం మొదలుపెట్టని కుర్రాడి నూగుకు హూజ అనరు, రొంగ్‌మావ్ (2-2) అంటారు. ఒంటి మీది సన్న వెంట్రుకలు హాన్‌మావ్ (4-2).

తప్పులు ఎక్కువగా దొర్లేది క్రియల్లో. ‘పెంచుకోవడం’ అంటే లియొ (2), అక్షరాలా ఉంచుకోవడం: లియొ హూజ. ‘మొలవడం’ అంటే జాంగ్ (3), దానంతట అది వచ్చేది. మనం ‘వాడికి మీసాలొచ్చాయి’ అనే చోట ‘థా జాంగ్ హూజ ల’. చిక్కు ఏమిటంటే జాంగ్ రాసే అక్షరానికి ఛాంగ్ (2) అని ఇంకో చదువు ఉంది, దానర్థం ‘పొడుగు’. ఒకే రెండు అక్షరాల జంటను జాంగ్ హూజ అని చదివితే గడ్డం మొలవడం, ఛాంగ్ హూజ అని చదివితే పొడుగాటి గడ్డం. వాక్యం చివర ‘ల’ ఉంటే మొదటిది. ముందు ‘ఉంది’ అనే యోవ్ గానీ, ‘ఉంచుకుని’ అనే అర్థమిచ్చే లియొ-జ గానీ ఉంటే రెండోది. గట్టిగా చదివే పరీక్షల్లో ఈ జంట దగ్గర చాలామంది దొరికిపోతారు.

గీయడానికి గ్వా (1) అన్నది నోటి మాట, థీ (4) కాస్త పుస్తకపు మాట. రెండూ సరైనవే. కాకపోతే థీ అంటే తలగుండు గీయడం కూడా, అందుకని మంగలి కుర్చీలో కూర్చుని థీ ఒక్కటే అంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కత్తిరించి తీర్చిదిద్దడం శియొ (1). ఇక వ్యతిరేకార్థం: ‘థా మెయ్ గ్వా హూజ’ అంటే ఇవాళ గీసుకోలేదని, ‘థా బూ లియొ హూజ’ అంటే గడ్డం పెంచే అలవాటు లేదని. మొదటిదానిలో ‘బూ’ పెడితే గీసుకోనని మొండికేసినట్టు అర్థం మారుతుంది.

మంగలి షాపులో పనికొచ్చే వాక్యాలు కొన్ని. ‘గడ్డం కూడా గీయండి’: హూజ యె గ్వా ఈ‌శ్యా. ‘తీర్చిదిద్దితే చాలు, గీయకండి’: శియొ ఈ‌శ్యా జియొ శింగ్, బ్యె గ్వా. చివరి రెండు మాటలు వదిలేయకండి. చైనాలో చాలామంది యువకులు గడ్డం ఉంచుకోరు, కాబట్టి అడగకపోతే మొత్తం తీసేయడమే పద్ధతి అనుకునే అవకాశం ఎక్కువ. మెషిన్‌ను థ్వెయ్‌జ (1-0) అంటారు. ఎంత ఉంచాలో మిల్లీమీటర్లలో చెప్పండి: లియొ సాన్ హావ్‌మీ (2-1-2-3), అంటే 3 మిల్లీమీటర్లు ఉంచండి. వెంట్రుక వాలున గీయడం షున్-జ గ్వా, ఎదురు గీయడం నీ-జ గ్వా. తెగితే గ్వా ఫొ ల. కొత్త సెలూన్లలో చాలా వాటిలో అసలు గడ్డం గీయరు, జుట్టు మాత్రమే. వేడి తువ్వాలు వేసి కత్తితో గీసే పాతకాలపు మంగళ్ళు ఆ పనిని గ్వాల్యెన్ (1-3) అనో శియొమ్యెన్ (1-4) అనో అంటారు. బోర్డు మీద ఆ మాట వెతకండి.

దుకాణంలో వస్తువుల పేర్లలో మాత్రం హూ బదులు శ్యూ (1) వస్తుంది. రేజర్ థీశ్యూదావ్ (4-1-1), ముందు ద్యెన్‌దోంగ్ (4-4) చేరిస్తే కరెంటుది, షేవింగ్ క్రీమ్ థీశ్యూగావ్ (4-1-1), నురుగు థీశ్యూ ఫావ్‌మొ, గీసుకున్నాక రాసుకునేది శ్యూహోవ్‌ష్వెయ్ (1-4-3). నోటితో రేజర్‌ను గ్వాహూదావ్ (1-2-1) అన్నా అందరికీ తెలుసు, కానీ డబ్బా మీద, ఆన్‌లైన్ అంగడిలో శ్యూ అక్షరమే గుర్తుపట్టాలి. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు వెంట్రుకలు తీయడానికి ఇవేవీ వాడరు, దాన్ని బెయ్‌ఫీ (4-2) అంటారు, చర్మాన్ని సిద్ధం చేయడమని. నర్సు ఆ మాట అంటే గడ్డం గురించేనని అనుకోవద్దు, అది ఒంట్లో ఏ భాగమైనా కావచ్చు.

లెక్కించే మాటల్లో హూజకు చాలా రకాలున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో బొమ్మ గీస్తుంది. ఒక్క వెంట్రుక ఈ గెన్ (4-1). పిడికిట్లో పట్టేంత గడ్డం ఈ బా (4-3). ముఖమంతా గడ్డమే అయితే ఈ ల్యెన్ (4-3), అంటే ‘ఒక ముఖం’. మీసానికి బాగా నప్పేది ల్యాంగ్ ఫ్యె (3-3), రెండు వాలు గీతలు. ఫ్యె అంటే లిపిలో ఎడమకు వాలే గీత. ‘ల్యాంగ్ ఫ్యె శ్యావ్ హూజ’ అనగానే అది మీసమే, గడ్డమని ఎవరూ పొరబడరు. నన్నడిగితే మీసానికి ఏకపదం లేని లోటు తీర్చేది ఈ లెక్కమాటే. చిన్న కుచ్చుకు ఈ జువొ (4-3). ఆ అక్షరాన్ని చిటికెడు ఉప్పు లాంటివాటికి వాడినప్పుడు ఛువొ (1) అని, వెంట్రుకలకైతే జువొ (3) అని చదవాలి.

ఇక పుస్తకాల్లోని మూడు అక్షరాలు. పై పెదవి మీదిది జ (1), గడ్డం కిందిది శ్యూ (1), చెంపల మీదిది రాన్ (2). హాన్ రాజవంశ కాలపు పదకోశం ఒకటి దాదాపు ఇలాగే చోట్లను విడదీసి నిర్వచించింది. అయితే కావ్యాల్లో, కథల్లో ఈ హద్దులు చెరిగిపోయాయి. శ్యూ మొత్తం గడ్డానికీ, రాన్ పొడుగాటి అందమైన గడ్డానికీ వాడుకయ్యాయి. రాన్ అనగానే చైనీయుడికి గుర్తొచ్చేది మూడు రాజ్యాల కాలపు యోధుడు గ్వాన్ యూ. ఆయన బిరుదు మెయ్‌రాన్‌గోంగ్ (3-2-1), అందమైన గడ్డపు దొర. మూడో శతాబ్దపు చరిత్రలోనే మంత్రి జూగ ల్యాంగ్ ఒక ఉత్తరంలో ఆయన్ను ఉత్త ‘రాన్’ అని ప్రస్తావించినట్టు ఉంది. తర్వాతి నవల ఆ గడ్డానికి రెండు ఛ్రల (ఛ్ర ఒక పాత పొడవు కొలత) పొడుగిచ్చింది. హాన్ కాలపు కొలతతో అది సుమారు 46 సెంటీమీటర్లు. చుట్టలు తిరిగిన గడ్డం ఛియొరాన్ (2-2), ఇది వీరగాథల మాట, బతికున్న స్నేహితుడికి వాడకండి.

పెకింగ్ ఓపెరాలో ఇదే అక్షరం వృత్తి పదమైంది. నటులు చెవులకు తగిలించుకునే తీగె గడ్డం రాన్‌ఖోవ్ (2-3). మూడు పాయలుగా వేలాడేది సాన్ (1), నోరు కనిపించకుండా పరచుకున్నది మాన్ (3), నోటి దగ్గర తెరిచి ఉన్నది జా (1). గ్వాన్ యూ పాత్రకు మాత్రం ఐదు పాయలు. రంగు వయసును చెబుతుంది: నలుపు, నెరసిన దానికి ఛాన్ (3), తెలుపు. గడ్డం పెట్టుకునే పెద్దవయసు పురుష పాత్ర శ్యూషంగ్ (1-1). గడ్డం పెంచుకోవడానికి పుస్తకభాషలో శ్యూశ్యూ (4-1) అంటారు. ఈ మాట ఎక్కువగా వినిపించేది స్త్రీ పాత్రల నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ విషయంలో. 1941 డిసెంబరులో జపాన్ హాంగ్‌కాంగ్‌ను ఆక్రమించాక ఆయన మీసం పెంచి వేదిక ఎక్కనన్నాడు, 1945లో యుద్ధం ముగిశాక తీసేశాడు.

శ్యూ అక్షరం గడ్డం దగ్గర ఆగదు. రొయ్య మీసాలు, పురుగుల స్పర్శకాలు, పీచువేళ్ళు, మొక్కజొన్న కండె పట్టు, అన్నీ శ్యూ. హోటల్లో కనిపించే లోంగ్‌శ్యూ మ్యెన్ (2-1-4) డ్రాగన్ మీసాలంత సన్నగా సాగదీసిన నూడుల్స్.

లిపిలో ఒక ఉచ్చు ఉంది, కంప్యూటర్ వాడేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. సంప్రదాయ లిపిలో గడ్డపు హూ, శ్యూ రెండింటికీ పైన పొడుగు జుట్టు గుర్తు ఉంటుంది. 1964 సరళ లిపి పట్టికలో ఆ గుర్తు తీసేశారు. దాంతో గడ్డపు హూ, ఇంటిపేరు హూ ఒకే అక్షరమయ్యాయి. గడ్డపు శ్యూ, ‘తప్పనిసరి’ అనే బీశ్యూలోని శ్యూ కూడా అంతే. సరళ లిపి నుంచి సంప్రదాయ లిపికి యంత్రంతో మార్చినప్పుడు ఒక్కోసారి హూ అనే మనిషి ఇంటిపేరు మీద జుట్టు మొలుస్తుంది, ‘తప్పనిసరి’కి గడ్డం వస్తుంది. తైవాన్‌కో హాంగ్‌కాంగ్‌కో పంపే పత్రాల్లో ఈ రెండు అక్షరాలనూ చేత్తో సరిచూడండి. సరళ లిపిలో కూడా జ, రాన్, కణతల బిన్ మాత్రం జుట్టు గుర్తును నిలుపుకున్నాయి.

సామెతల్లో నిజంగా వాడుకలో ఉన్నవి కొన్నే. కోపంతో ఊగిపోతే ఛ్వెయ్ హూజ దంగ్ యెన్ (1-2-0-4-3), గడ్డం ఊది కళ్ళురిమినట్టు. పెద్దవాళ్ళ కోపానికే నప్పుతుంది. ముఖ్యమైనదీ కానిదీ చూడకుండా అన్నీ కలిపి చేస్తే హూజ మెయ్‌మావ్ ఈ బా జ్వా, గడ్డాన్నీ కనుబొమల్నీ ఒకే గుప్పిట పట్టడం. కుర్రాడిని నమ్మి పని అప్పగించలేమని జ్వెయ్ షాంగ్ మెయ్ మావ్, బాన్ ష బూ లావ్. మనం ‘మూతి మీద మీసం రాలేదు’ అనేది దీనికి దగ్గరే. కాకాపట్టడానికి లియొ శ్యూ ఫాయ్ మా (1-1-1-3). సోంగ్ రాజవంశపు చరిత్రలో మంత్రి కోవ్ జున్ గడ్డానికి అంటిన పులుసును దింగ్ వెయ్ లేచి తుడిచాడని, కోవ్ జున్ అతణ్ణి ఎగతాళి చేశాడని ఉంది. ఈ మాటను ఆ ఘటనకే ముడిపెడతారు.

మీసం మెలేయడం గురించి జాగ్రత్త. ఆ పనికి న్యెన్ (3) అనే క్రియ ఉంది, కానీ మన సవాలు అర్థం దానికి లేదు. చైనీస్‌లో గడ్డాన్నో మీసాన్నో వేళ్ళతో నలిపేది ఆలోచనలో పడ్డ మనిషి. ఒక్క మాట కుదర్చడానికి కొన్ని గడ్డపు వెంట్రుకలు తెంపుకున్నానని తాంగ్ రాజవంశ కాలపు కవి ఒకాయన చెప్పుకున్నాడు. గడ్డాన్ని మెల్లగా దువ్వడం ల్యూ (3), అది తృప్తికి గుర్తు. తెలుగు సినిమా సంభాషణలో మీసం మెలేసే ఘట్టాన్ని అనువదిస్తుంటే క్రియ ఒక్కటే చాలదు, ‘సవాలు విసురుతూ’ అని విడిగా చేర్చాలి.

ప్రాంతాలను బట్టి మారేవి ఇంకొన్ని. తైవాన్‌లో ‘గ్వా హూజ’కు చీవాట్లు పెట్టడమనే అర్థం కూడా ఉంది. పై అధికారి చేతిలో ‘గడ్డం గీయించుకున్నాను’ అని ఎవరైనా అంటే అతను తిట్లు తిన్నాడన్న మాట. ఈశాన్య చైనాలో పాతతరం కథల్లో హూజ అంటే గుర్రాల మీద తిరిగే బందిపోట్లు. ‘హూజలు వచ్చారు’ అన్న వాక్యానికి గడ్డంతో పనిలేదు. హాంగ్‌కాంగ్, గ్వాంగ్‌జోవ్ వైపు హూజ అసలు వినిపించదు. కాంటనీస్‌లో శ్యూ అక్షరాన్ని ‘సోవ్’ అని పలికి గడ్డానికీ మీసానికీ అదే వాడతారు, గీయడం ‘థాయ్ సోవ్’. మీసానికి మాత్రం అక్కడ సొంత మాట ఉంది, ‘యీ ఫిత్ గాయ్’. ఇప్పటిదాకా చెప్పుకున్న ప్రామాణిక చైనీస్ అయిన మాండరిన్‌లో అది పనిచేయదు.